కనకాంబరాల కుండీలో ఏడో నంబరు

మా వదినతో రైలెక్కడమంటే మొదట్లో నాకు తలవంపుగా ఉండేది. పొద్దున్నే రేపల్లెలో బండెక్కే ఆడవాళ్ళందరూ సంచుల్లో పులిహోరో పెరుగన్నమో పెట్టుకుంటారు. మా వదిన శోభారాణి మట్టి పెట్టుకుంటుంది. ఒకసారి నిలబడటానికి కూడా చోటు లేకపోతే కిటికీ దగ్గర కూర్చున్న పెద్దావిడ పాపం జాలిపడి ఆ సంచి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఏంటమ్మా ఇంత బరువుంది, కారప్పూసా?" అని అడిగింది. "కాదండి, బురదండి. మురుగుకాలవ పక్కది" అని వదిన ఎంతో మర్యాదగా చెప్పింది. ఆవిడ సంచి దించేసి, తెనాలి వచ్చేదాకా మా వంక చూస్తే ఒట్టు. నేను కూడా ఈ మనిషెవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి వరిచేలు చూస్తూ నిలబడ్డాను.

నా పేరు కరుణ. తెనాలిలో ఒక బళ్ళో లెక్కలు చెబుతాను. వదిన మా అన్నయ్య ప్రేమ్ కుమార్ భార్య. బాపట్లలో ఫార్మసీ పిల్లలకి పాఠాలు చెబుతూ, నలభై దాటాక పీహెచ్‌డీ అని మొదలుపెట్టింది. రేపల్లె నుంచి బాపట్లకి తిన్నగా బస్సులున్నాయి గానీ ఆవిడకి బస్సు పడదు, చెరుకుపల్లి దాటకముందే వాంతులు. అందుకని తెనాలి దాకా నాతో వచ్చి అక్కడ బండి మారుతుంది. రోజూ ఆవిడ చెప్పే పురుగుల సువార్త వినే భాగ్యం అలా నాకు దక్కింది.

ఆ సువార్త ఏంటంటే, గుప్పెడు మట్టిలో కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ ఉంటాయట. తిండికీ చోటుకీ వాటి మధ్య తగువులేనట. గట్టు తగాదాల్లో మనం కర్రలు పట్టుకున్నట్టు అవి పక్కవాణ్ణి చంపే విషాలు తయారుచేసుకుంటాయి. ఆ విషాలే ఏరి, శుద్ధి చేసి మనం మందులుగా వాడుతున్నాం. అయితే మన ఒంట్లో రోగాలు తెచ్చే పురుగులు తెలివిమీరాయి. పాత మందులకి అలవాటు పడిపోయి చావడం మానేశాయి. కాబట్టి ఎవరూ చూడని మట్టిలో కొత్త విషం వెతకాలి. వదిన చేసే పని అదీ.

"ఇన్ని మందులుండగా ఇంకోటెందుకు వదినా?" అని ఇంకే ఇంట్లో అయినా ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్ళు. మా ఇంట్లో ఎవరూ అడగరు.

మా నాన్న ఆశీర్వాదం రైసుమిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. గొంతు పెద్దది, చెయ్యి మాత్రం పొదుపు. మందుల్లోనూ పొదుపే. జ్వరం వచ్చినా చిగురు వాచినా నేరుగా మందుల షాపుకెళ్ళి పేరు చెప్పి బిళ్ళలు కొనుక్కునేవాడు. రెండు పూటలు వేసుకుని కాస్త తేలికపడగానే ఆపేసి, మిగిలినవి ఒక పాత ఊరగాయ సీసాలో దాచేవాడు. డాక్టరు కోర్సు పూర్తిగా వాడమన్నా అంతే. "ఒళ్ళు బాగైపోయాక మందెందుకమ్మా, దండగ" అనేవాడు. ఈసారి ఏదన్నా వస్తే సీసాలోంచి ఒకటి. పక్కింటి సరోజిని పిన్నికి దగ్గొస్తే సీసాలోంచి ఇంకోటి. మేము దాన్ని ఆశీర్వాదం మెడికల్స్ అని నవ్వుకునేవాళ్ళం.

రెండేళ్ళ క్రితం కోతలప్పుడు, పాత స్నేహితులతో కబుర్ల కోసం మిల్లుకెళ్ళినవాడు మేకు తొక్కాడు. అసలే షుగరు. సీసాలోంచి ఒక మందు వేసుకున్నాడు, తగ్గలేదు. ఇంకో మందు వేసుకున్నాడు. కాలు నల్లబడ్డాక గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పుండులో ఉన్న పురుగు మీద ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేసి కాగితం ఇచ్చారు. దాని నిండా మందుల పేర్లు, ప్రతి పేరుకీ ఎదురుగా ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం. ఏదో తప్పు ప్రింటయిందనుకున్నాను. "ఆర్ అంటే ఆ మందు దాన్నేం చెయ్యలేదని" అంది వదిన మెల్లగా. అట్టడుగున ఒక్క ఇంజెక్షనుకి మాత్రం ఎస్ ఉంది. అది ఎక్కించేసరికే ఆలస్యమైంది, కిడ్నీలు తట్టుకోలేదు. అలా పోయాడు మా నాన్న, కాలికి దిగిన మేకుతో. నాకిప్పటికీ కోపం చల్లారలేదు. ఎవరిమీద అంటే చెప్పలేను.

వదిన మాత్రం కోపంతో కూర్చోలేదు. కావలసిన అనుమతులన్నీ రాయించుకుని, నాన్న పుండులోంచి తీసిన ఆ పురుగునే బాపట్ల ల్యాబుకి తెప్పించుకుంది. ఫ్రీజరులో పెట్టి తాళం వేసింది. దాని అసలు పేరు నాకు నోరు తిరగదు. మా ఇంట్లో దాని పేరు మావయ్య పురుగు.

పరీక్ష పద్ధతి చాలా తేలిక. చిన్న మూత ప్లేటులో జున్నులాంటి జెల్లీ పోసి, దానిమీద మావయ్య పురుగుని పల్చగా పూస్తారు. తెల్లారేసరికి అది ప్లేటంతా మబ్బులా కమ్ముకుంటుంది. పూసేటప్పుడే మట్టిలోంచి తీసిన జీవిని మధ్యలో పెడతారు. దాని దగ్గర విషం ఉంటే చుట్టూ మబ్బు లేకుండా గుండ్రంగా తేట పడుతుంది. పొలాల మట్టి, కాలవల మట్టి, మా బడి వెనక మట్టి, అన్నీ పెట్టి చూసింది. ఎక్కడ చూసినా మబ్బే. "ఓర్చినమ్మకు తేటనీరు అన్నారు కదా కరుణా, నాకు ఒక్క చుక్క తేట చాలు" అనేది, ఖాళీ సంచి ఊపుకుంటూ.

ఆ చుక్క అడవులదీవిలో దొరికింది. అక్కడ చేపలు పట్టే లూకా బాబాయి నాన్నకి స్నేహితుడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వదినని పడవలో మడచెట్ల మధ్యకి తీసుకెళ్ళాడు. చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాలి లోతు బురదలో దిగి తెచ్చిందావిడ. కంపు చెప్పనలవి కాదు. సగం ల్యాబుకి పట్టుకెళ్ళి, సగం బిస్కెట్ల డబ్బాలో పోసి మా వరండా బీరువాలో పెట్టింది. ఆ మట్టిలోంచి తీసిన వాటిలో ఏడో నంబరు జీవి చుట్టూ రూపాయి బిళ్ళంత తేట పడింది. బాపట్ల స్టేషన్లోంచి ఫోన్ చేసి ఎంత గట్టిగా అరిచిందంటే, స్టాఫ్ రూములో అందరికీ మా ఇంటి శుభవార్త తెలిసిపోయింది. మా వదినకి పిల్లో పిల్లాడో పుట్టాడనుకుని స్వీట్లడిగారు.

ఆ సంబరం నాలుగు నెలలు కూడా నిలవలేదు. ప్లేటులోంచి ప్లేటుకి మార్చి మార్చి పెంచుతుంటే ఏడో నంబరుకి తేట తగ్గుతూ తగ్గుతూ ఒకనాటికి పూర్తిగా పోయింది. బతికే ఉంది, బాగానే పెరుగుతోంది, విషం చెయ్యడం మాత్రం మానేసింది.

"సుఖం మరిగింది కరుణా. ల్యాబులో వేళకి తిండి, పక్కన శత్రువు లేడు. ఇంక దానికి ఆయుధం ఎందుకు?" అంది వదిన.

"పెళ్ళయ్యాక మా అన్నయ్య వాలీబాల్ మానేసినట్టు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

వదినకి గైడు కృష్ణకాంత్ గారు. మంచాయనే, కానీ నిక్కచ్చి మనిషి. "ఒక్కసారి కనపడి మళ్ళీ కనపడనిది సైన్సు కాదమ్మా, అద్భుతం. అద్భుతాలకి మీ చర్చి ఉంది. జనవరిలో రివ్యూ, ఈలోగా నా కళ్ళ ముందు మళ్ళీ తేట చూపించండి. లేకపోతే ఇది వదిలేసి వేరే టాపిక్ తీసుకుందాం" అన్నాడు. ఇది వదిలెయ్యడమంటే మావయ్య పురుగుని బతకనిచ్చి చేతులు కడుక్కోవడమే అని వదిన బాధ. తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

డిసెంబరులో మళ్ళీ అడవులదీవి వెళ్ళింది. ఈసారి నేనూ తోడు వెళ్ళాను. లూకా బాబాయి పడవ ఆపిన చోట మడచెట్లు లేవు. కొత్త గట్టు, గట్టు అవతల రొయ్యల చెరువు, అందులో గిరగిరా తిరిగే చక్రాలు ఉన్నాయి. "వరదకి ఒడ్డు కోసుకుపోయిందమ్మా. మిగిలిన దానిమీద గట్టేశారు" అన్నాడాయన, తనే ఏదో తప్పు చేసినట్టు. పక్కపక్కల నుంచి సంచెడు బురద తెచ్చుకున్నాం. అందులో ఏడో నంబరు లాంటిది ఒక్కటీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది వదినకి, బీరువాలో బిస్కెట్ల డబ్బా. బండి దిగి ఆటో కోసం కూడా ఆగకుండా ఇంటికి పరిగెత్తింది.

మా అమ్మ దేవకుమారి వరండాలో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది.

"అత్తయ్యా, బీరువాలో బిస్కెట్ల డబ్బా ఉండాలండి."

"ఉందిగా. పప్పుచెక్కలు పోశా, పండక్కి."

"అందులో మట్టి ఉండాలి కదండి!"

"తీసేశా. క్రిస్మస్‌కి వెల్లవేసి ఇల్లంతా సర్దుకుంటుంటే ఇంట్లో బురదేంటి శోభా? అదేం కంపు తల్లీ!"

వదిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "ఎక్కడ పారేశారు?"

"పారేస్తానా? బంగారం లాంటి నల్లమట్టి. కనకాంబరాల కుండీలో కలిపేశా."

కనకాంబరాల కుండీ మా ఇంట్లో రాణీగారు. నాన్న తెచ్చి నాటిన మొక్క అది. అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు, రొయ్యలు ఒలిస్తే వాటి పెంకులూ తలకాయలూ అన్నీ తెచ్చి దాని మొదట్లోనే వేస్తుంది. వదిన అత్తమీద కోపం దుత్తమీద చూపించి, ఆ పూట వంటింట్లో గిన్నెలన్నీ మోగించింది. అమ్మ కూడా ఊరుకోలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. బురద ఇంట్లోకి తేవడమెందుకు, నన్ను అనడమెందుకు" అని గోడకి చెప్పింది.

పొద్దున్నే వదిన చెంచాతో కుండీలోంచి మట్టి తీసి సీసాలో పోసుకుంది. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో పెట్టుకుని పడవలెక్కాం" అన్నాను రైల్లో. "ఉంటే కదా పిల్లాడు" అంది వదిన. ఈసారి ఓపిక లేక, ప్లేటు మీద మావయ్య పురుగుని పూసి, దానిమీద కుండీ మట్టిని ఉప్పు చల్లినట్టు చల్లేసిందట.

క్రిస్మస్ అయిన రెండో రోజు ఫోనొచ్చింది. "తేట కరుణా! ఒక మట్టి రేణువు చుట్టూ తేట! రూపాయి కాదు, పది రూపాయల బిళ్ళంత!"

సాయంత్రం జిలేబీ పొట్లంతో ఇంట్లోకి వచ్చి అత్తగారిని వాటేసుకుంది. మా అమ్మ జీవితంలో కోడలు వాటేసుకోవడం అదే మొదటిసారి. సిగ్గుపడి, ఆ వెంటనే గొప్పలు మొదలుపెట్టింది.

"రాకేం చేస్తుంది? ఆ కుండీకి నేను చేసినంత సేవ ఎవరు చేశారు? చేపల నీళ్ళు పోశానా, రొయ్యల పెంకులు వేశానా, మీ మావయ్య సీసాలో మందులన్నీ నూరి కలిపానా..."

జిలేబీ వదిన నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏ మందులు?"

"ఊరగాయ సీసాలోవి. వెల్లవేసినప్పుడు బయటపడింది. డబ్బు పోసి కొన్నవి పారేయడానికి మనసొప్పలా. పాత బిళ్ళలు మొక్కలకి వేస్తే బాగా పూస్తాయని సరోజిని చెప్పింది."

వదిన నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. నాకు అర్థం కాక ఏమైందని అడిగాను. ఆవిడ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఆ మట్టిలో ఉన్నది ఏడో నంబరు కాకపోవచ్చు కరుణా. మందు పొడి అంటుకున్న రేణువై ఉంటుంది. పురుగుని చంపింది ఆ మందే అయ్యుంటుంది. కొండను తవ్వి ఎలుకని పట్టడం కూడా కాదు, షాపులో కొన్న బిళ్ళనే నేను కనిపెట్టాను. రివ్యూ దాకా ఎందుకు, రేపే సార్‌కి చెప్పేస్తాను, టాపిక్ మార్చుకుందామని."

నాకు ఒళ్ళు మండింది. "బుద్ధుందా అమ్మా? మందులు మొక్కలకి పోసేవాళ్ళు ఎక్కడన్నా ఉన్నారా?" అని అరిచాను.

అమ్మ మొహం ఎర్రబడింది. మామూలుగా అయితే నాకు రెండు తగిలించేది. ఆ రోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అరవకే. పెద్ద మందులు మరి! అంత బలమున్నవే అయితే మీ నాన్నెందుకు పోయాడు? ఆ సీసాలోవి ఒక్కొక్కటీ మింగుతూనే ఉన్నాడు, కాలు కుళ్ళుతూనే ఉంది. ఆస్పత్రిలోనూ అవేవీ పనిచెయ్యవన్నారు. అప్పుడు ఆయన పుండులో పురుగుని చంపలేనివి, ఇప్పుడు కుండీలో పడగానే చంపేస్తాయా?"

వదిన తలెత్తింది.

"మళ్ళీ అనండి అత్తయ్యా."

"ఏంటి, తప్పన్నానా? బాధకొద్దీ అన్నానమ్మా."

"కాదు, మళ్ళీ అనండి. ఆయన పుండులో పురుగుని..." వదిన లేచి నిలబడింది. "నా ప్లేటు మీద ఉన్నది కూడా ఆ పురుగే కదా! మావయ్య పురుగే కదా!" ఒక్కో మందు పేరూ చెబుతూ వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. కాగితం అక్కర్లేదావిడకి, రెండేళ్ళుగా కంఠతా వచ్చు. సీసాలో ఉండేవి అమ్మకి రంగులతో గుర్తున్నాయి, వదినకి పేర్లతో గుర్తున్నాయి. ఎర్రది, ఆర్. తెల్ల పొడుగుది, ఆర్. ఆకుపచ్చ సగం తెల్ల సగం, ఆర్. ఎస్ వచ్చిన ఇంజెక్షను ఆ సీసాలోకి ఎప్పుడూ రాలేదు. "అవేవీ దాన్ని చంపలేవు అత్తయ్యా. చంపలేవు కాబట్టే మావయ్య..." అని మాట పూర్తి చెయ్యలేక, అమ్మ చాట పక్కన నేలమీద కూలబడి ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. ఆ రోజు ఆస్పత్రిలో చదివి నేను చించెయ్యాలనుకున్న కాగితమే ఇవాళ మా వైపు సాక్ష్యం చెప్పింది. నేను జిలేబీ పొట్లం పట్టుకుని ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను.

అయినా వదిన వదిన కాబట్టి నమ్మకం మీద ఊరుకోలేదు. అవే మందులు కొని, పొడి చేసి, వేరే ప్లేటు మీద విడిగా పెట్టింది. మావయ్య పురుగు వాటిమీదుగా హాయిగా పాకింది. అసలు ప్లేటులో తేట పడిన రేణువు మధ్యన తెల్లగా, ముగ్గుపిండి రాలినట్టు ఒక చుక్క మొలిచింది. ఏడో నంబరు. దాన్ని విడిగా తీసి పెంచింది. ఈసారి తిండిలో రొయ్యల పెంకుల పొడి కలిపింది, కుండీలో అమ్మ వేసినట్టే. రివ్యూ రోజున కృష్ణకాంత్ గారు ప్లేటుని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడట. ఇంకొకటి చూపించమన్నాడట. అదీ చూసి, "పెంకుల పొడి ఎక్కడ కొన్నారు?" అని అడిగాడట. "మా అత్తగారు ఇచ్చారండి" అందట మా వదిన.

ఇంతకీ అది మందు కాలేదు. ఆ విషం ఏమిటో తేల్చడానికి హైదరాబాదు పంపారు. ఎవరికో ముందే తెలిసినది కావచ్చు, మనుషులకి పడనిది కావచ్చు. అన్నీ కలిసొచ్చినా ఏళ్ళు పడుతుందని వదినే చెబుతుంది. ఒకరోజు అమ్మ కనకాంబరాలు కోస్తూ అడిగింది, "ఇది అప్పుడే దొరికుంటే ఆయన బతికేవాడా శోభా?" అని. వదినకి అబద్ధం చెప్పడం రాదు. "తెలీదత్తయ్యా" అంది. అమ్మ తలూపి, కోసిన పూలు సగం వదిన జడలో పెట్టింది.

ఇప్పుడు అమ్మ రొయ్యల పెంకులు డాబా మీద ఎండబెట్టి, దంచి, జల్లించి, ఖాళీ అయిన ఊరగాయ సీసాలో పోసి ఇస్తుంది. వదిన వాటిని బాపట్లకి మోస్తుంది. మొన్న బండిలో మళ్ళీ రద్దీ. వదిన సంచి ఈసారి నా ఒళ్ళో ఉంది. పక్కన కూర్చున్నావిడ లోపలి సీసా చూసి, "ఊరగాయా అండి? మూత సరిగ్గా పెట్టారా, నూనె కారుతుంది" అంది.

"ఊరగాయ కాదండి. మందుల సీసా" అన్నాను. "మా నాన్నది."